ముందు చంటి, వెనకాల పోలీసులు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీర్వదించి, కొంచెం కోపంగా రాయునది:

మన వీధి మెకానిక్ నిన్న మీ ఊరొచ్చాడు. అక్కడేదో హోటల్లో నువ్వు కానిస్టేబుల్ యూనిఫాంలోనే ప్లేట్లు మోస్తూ కనిపించావట. ఉద్యోగం ఊడిందా? ఊడితే చెప్పొద్దూ? పైగా జనం డబ్బులిస్తే డబ్బాలో వేయించుకున్నావట. లంచాలు తినేవాళ్ళు దాచుకు తింటారు గానీ, డబ్బా పట్టుకు తిరుగుతారా తల్లీ! ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను, ఎవరితోనూ మాట పడలేదు. ఇప్పుడు మెకానిక్ ముందు తల దించుకోవాల్సొచ్చింది.

మీ చెల్లి చంటి కులాసా. ఇరవయ్యేడు నిండినా ఆ పెరట్లో పరుగులు మానలేదు.

ఇట్లు,
నీ డ్రైవర్ పెదనాన్న

తా.క.: ఒక్క చేత్తో నాలుగు ప్లేట్లు మోశావట. ఇంట్లో తాగిన గ్లాసు తీసి ఎరగవు కదే!

*

పెదనాన్నకి నమస్కారాలు. మంచినీళ్ళు తాగి చదవండి.

నా ఉద్యోగం నిక్షేపంలా ఉంది. సెలవు రోజున మా స్టేషన్ వాళ్ళమంతా మాకు మేముగా వెళ్ళి ఆ హోటల్లో వడ్డించాం. డబ్బాలో పడిందంతా మన చంటిలాంటి క్రీడాకారుల కోసం. మేధో వైకల్యం ఉన్నవాళ్ళకీ కోచ్ కావాలి, బూట్లు కావాలి, పోటీలు కావాలి. వాళ్ళూ ఆడగలరని ముందు జనానికి తెలియాలి. వచ్చే నెల ఆ పోటీలున్నాయి. చెల్లి పేరు ఇచ్చేశాను, తిట్టకండి. ఆ పొద్దున పోటీలు మొదలైనట్టు ఊరికి చాటడానికి చెల్లి కాగడా పట్టుకుని ముందు పరిగెడుతుంది. వెనకాల ఇరవై మంది పోలీసులం పరిగెడతాం.

మీ అమ్మడు

తా.క.: నాలుగు ప్లేట్ల మాట నిజమే. రెండు పగిలిన సంగతి మెకానిక్ చెప్పలేదా?

*

అమ్మడూ,

ఆశీస్సులు తర్వాత. నా కూతురు ముందు, ఇరవై మంది పోలీసులు వెనక! చేతిలో కాగడా! ఊరు తగలబెట్టి పారిపోతోందనుకోరూ? కళ్ళజోడు విరిగి నీ ఉత్తరం మెకానిక్ చేత చదివించుకోవడం నా ఖర్మ. సాయంత్రానికల్లా చంటిని పోలీసులు తరుముతున్నారని వీధంతా పాకింది. ఎదురింటావిడ లాయరు అడ్రసు కూడా తెచ్చిచ్చింది.

అసలు మాట రాస్తాను. పన్నెండేళ్ళప్పుడు అది బడి పోటీల్లో పరిగెత్తింది. గీత దాటాక ఆగాలని తెలియక గేటు దాకా పోయింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక అదీ వాళ్ళతో కలిసి నవ్వింది. ఆనాటి నుంచీ పెరడు దాటనివ్వలేదు. దాని పేరు కొట్టేయించు.

పెదనాన్న

తా.క.: నీ ఉత్తరం విన్నప్పటి నుంచీ చీపురుకట్ట ఎత్తిపట్టి పరిగెడుతోంది. వెనకాల పోలీసుని నేనట. మోకాళ్ళు పోయాయి.

*

పెదనాన్నా,

ఎవరూ నవ్వరని నేను హామీ ఇవ్వలేను. కానీ పదిహేనేళ్ళుగా ఆ పెరట్లో చెల్లి పరుగుని చూసిందెవరు, బట్టలారేసే తీగ తప్ప? ఒక్కసారి దాన్నే అడగండి. వద్దంటే నేనే వెళ్ళి పేరు కొట్టేయిస్తాను.

మీ అమ్మడు

తా.క.: మోకాళ్ళకి నూనె పంపుతున్నాను. పోలీసు ఉద్యోగం ఊరికే రాదు.

*

అమ్మడికి పెదనాన్న మనసారా ఆశీస్సులు.

నువ్వు అడగమన్నావు, నేను అడిగాను. నా మాట పూర్తయ్యేలోపే అది బూట్లేసుకుంది. కాగడా పరుగు నీ కళ్ళతో నువ్వే చూశావు. తర్వాత గేటు బయట ట్రాఫిక్ దగ్గర ఉండిపోయావు గనక, లోపలి సంగతి రాస్తున్నాను.

ఈల వేశారు. అందరూ పరుగందుకున్నారు. మనది తీరిగ్గా నాకు చెయ్యి ఊపి అప్పుడు బయల్దేరింది. నాకు ఉండబట్టలేదు. కంచె ఇవతల నుంచి "పద తల్లీ, పద!" అంటూ నేనూ పరుగెత్తాను. చెప్పు తెగింది. నీళ్ళ తొట్టిలో బోర్లాపడ్డాను. మైదానమంతా గొల్లున నవ్వింది. ఏ నవ్వుకి ఇన్నేళ్ళూ భయపడ్డానో అదే నవ్వు, కాకపోతే నా మీద! ఏమీ కాలేదే అమ్మడూ. తడిశాను, అంతే.

చంటి నాలుగోదిగా వచ్చింది. నేరుగా నా దగ్గరికొచ్చి తువ్వాలుతో నా మొహం తుడిచింది. నన్ను లేవదీస్తున్న మీ ఎస్సైతో, "మా నాన్న. ఇలాంటిచోటికి కొత్త. నేర్చుకుంటాడు" అంది.

ఒళ్ళంతా నీళ్ళే గనక, కళ్ళ సంగతి ఎవరూ కనిపెట్టలేదు.

నీ పెదనాన్న

తా.క.: ఈ ఉత్తరం తనే పోస్టు డబ్బాలో వేసొస్తానంటోంది చంటి. ఒక్కతే. రెండు వీధులు దాటాలి. నేను గుమ్మంలోనే నిలబడతాను, ఒట్టు. ఇది నీకందితే జవాబు నా పేరున కాదు, దాని పేరున రాయి. ఇంతవరకూ దానికి ఒక్క ఉత్తరమూ రాలేదు.