నాకిచ్చిన ప్రశంసను వెనక్కి తీసుకోండి

పాఠశాలల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు, ఉన్నత పాఠశాల లెక్కల మాస్టారు వ్రాసుకొను అర్జీ.

విషయం: ఉపాధ్యాయుల సమ్మె కాలములో విధులకు హాజరైనందుకు నాకు దయచేసిన ప్రశంసాపత్రమును రద్దు చేయుట; అందుకు వీలు కానిచో నాపై క్రమశిక్షణా చర్య తీసుకొనుట గురించి.

అయ్యా,

ప్రశంస కావాలని తమ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగేవారిని తమరు చూసే ఉంటారు. ఇచ్చిన ప్రశంస వద్దని తిరుగుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. నాకు మతి చలించిందని తమ గుమాస్తా గారు ఇప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నారు. కావున నా పరిస్థితిని అంశాల వారీగా మనవి చేసుకొంటున్నాను.

1. సదరు సమ్మెకు కారణం తమకు విదితమే. ఉపాధ్యాయులకు, ఎవరు చెప్పే సబ్జెక్టులో వారికి, ఒక పరీక్ష పెట్టాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. వద్దంటూ యూనియన్ బడి గేటు ముందు శిబిరం వేసింది. పరీక్ష పెట్టేవాడు పరీక్షకు భయపడకూడదని నా అభిప్రాయం. ఫ్యాక్టరీలో సమ్మె చేస్తే యజమానికి నష్టం. బడిలో సమ్మె చేస్తే ప్రభుత్వానికి పోయేదేమీ లేదు, పైగా చాక్‌పీసుల ఖర్చు మిగులుతుంది, పోయేదంతా పిల్లలకే. నేను పాతకాలపు మనిషిని. గంట కొట్టేసరికి మాస్టారు తరగతిలో ఉండాలి, రానిదాన్ని రాదని పిల్లవాడి ముఖం మీదే చెప్పాలి, చెప్పి నేర్పాలి. ఇంతకు మించిన విద్యావిధానం నాకు తెలియదు. అలాగని యూనియన్ చెడ్డదని అనను. అదే లేకపోతే మా బడిలో ఆడ టీచర్లకు మరుగుదొడ్డి ఈ జన్మకు వచ్చేది కాదు. కానీ పిల్లల చదువును పందెంలో ఒడ్డే హక్కు దానికి ఎవరిచ్చారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అందుకని రోజూ బడికి వెళ్ళి, వచ్చిన కొద్దిమందికీ పాఠం చెప్పాను.

2. యూనియన్ కార్యదర్శి మా బడిలోనే సాంఘికశాస్త్రం చెబుతాడు. అతను నాకు స్వయానా బావమరిది, అనగా చనిపోయిన నా భార్యకు తమ్ముడు. నేను గేటు దగ్గరికి రాగానే మైకులో నినాదం ఆపి, "లోపలికి పో బావా, ఎండలో నిలబడకు. నువ్వు కళ్ళు తిరిగి పడిపోతే మోయాల్సింది మళ్ళీ మేమే" అనేవాడు. "మోయడానికైనా పని మొదలుపెడతారా మీరు?" అనేవాణ్ణి. శిబిరం శిబిరమంతా నవ్వేది. మధ్యాహ్నం వాళ్ళ టీలోంచి ఒక గ్లాసు నా తరగతి గదికి వచ్చేది. ఆదివారం భోజనం, ఎప్పటిలాగే, వాళ్ళింట్లోనే. సమ్మె జరిగినన్నాళ్ళూ మా ఇద్దరికీ అభిప్రాయాలు కలవలేదు గానీ మాటలు ఆగలేదని తమరు గమనించ ప్రార్థన.

3. పిమ్మట ప్రభుత్వం సదరు ఉత్తర్వును ఉపసంహరించుకొన్నది, సమ్మె ముగిసినది. ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని ఎవరినీ ఫెయిల్ చేయరాదని మరొక ఉత్తర్వు ముందునుంచే అమల్లో ఉంది. అంటే ఇప్పుడు పిల్లలకూ పరీక్ష లేదు, మాస్టార్లకూ పరీక్ష లేదు. మా బడిలో ఇంకా పరీక్ష జరిగేది ట్యాంకులో నీళ్ళకు మాత్రమే. ఏ మాట మీద నేను నిలబడ్డానో ఆ మాటను తమ శాఖవారే గాలికి వదిలేశారు. వదిలేసిన వారం తిరక్కుండానే నాకు ప్రశంసాపత్రం పంపారు. దీన్ని ఏ పద్దు కింద తీసుకోవాలో నాకు పాలుపోలేదు.

4. ఆ పత్రాన్ని ఉదయం పిల్లలందరి ఎదుట మైకులో చదివించమని తమ ఆదేశం. "తక్కిన ఉపాధ్యాయులు ఇతనిని చూసి సిగ్గు తెచ్చుకొందురు గాక" అని అందులో ఒక వాక్యం ఉంది. రాసినవారెవరో గానీ ఒక్కరోజు కూడా స్టాఫ్‌రూములో కూర్చున్న మనిషి కారు. చదవడం అయ్యాక చప్పట్లు కొట్టమన్నారు. పిల్లలు ఉత్సాహంగానే కొట్టారు. మా బావమరిది రెండు చప్పట్లు కొట్టి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

5. నాటి నుండి తోటి ఉపాధ్యాయులందరికీ నాతో మాట బంద్. కానీ బడి నడవాలంటే ఏదో ఒకటి చెప్పుకోక తప్పదు కదా. అందుకు స్టాఫ్‌రూములోని ఇనప బీరువాను వాడుతున్నారు. డ్రిల్లు మాస్టారు లోపలికి వచ్చి, "బీరువా గారూ, ఏడో తరగతి లెక్కల పీరియడు చివరికి మార్చారండీ" అంటారు. సైన్సు టీచరమ్మ, "ఏమమ్మా బీరువా, ఆ కిటికీ పక్కన ఉన్నవాళ్ళు కాస్త రెక్క మూస్తే బాగుండు, దుమ్ము" అంటుంది. కిటికీ పక్కన ఉన్నది నేనే. మూస్తాను. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు నేను కూడా, "చెప్పు బీరువా, అలాగే చేస్తానని చెప్పు" అంటున్నాను. ప్రస్తుతం ఈ పాఠశాలలో నాతో సత్సంబంధాలు కలిగి ఉన్నది సదరు బీరువా ఒక్కటే.

6. ఈ అంశం అర్జీకి సంబంధించినది కాదని తోస్తే తమరు కొట్టివేయవచ్చు. శనివారం చివరి గంట కొట్టినప్పటి నుంచి సోమవారం తరగతిలో "కూర్చోండి" అనేదాకా నేను ఎవరితోనూ మాట్లాడను. ఆ "కూర్చోండి" బొంగురుగా వస్తోంది. పిల్లలు జలుబు చేసిందా మాస్టారూ అని అడుగుతున్నారు. చేసిందనే చెబుతున్నాను. ఆదివారం ఒకరికి సరిపడా వండుకోవడం నాకింకా చేతకావడం లేదు, సాయంత్రానికి కూడా అదే మిగులుతుంది. నాకు చాలా ఒంటరిగా ఉంది అయ్యా.

7. పోయిన నెలలో మా బావమరిది సైకిల్ స్టాండు దగ్గర చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, నాతో నేరుగా మాట్లాడాడు. "సమ్మెకు రాలేదని ఎవడికీ కోపం లేదు బావా. నీ పంతం నీది, అది మాకు కొత్తా? ఆ కాగితం ఒక్కటీ వెనక్కిచ్చెయ్. మమ్మల్ని పిల్లల ముందు నిలబెట్టి సిగ్గు తెచ్చుకోమని తిట్టించిన కాగితం అది. అది నీ దగ్గర ఉండగా నేను నిన్ను ఇంటికి పిలిచానంటే మావాళ్ళకి ఏ ముఖం చూపించను?" అన్నాడు. నేను ఏదో అనబోయేంతలో డ్రిల్లు మాస్టారు వచ్చారు. మా బావమరిది వంగి సైకిల్ చైను చూసుకోవడం మొదలుపెట్టాడు. చైను బాగానే ఉంది.

8. మర్నాడే పత్రం పట్టుకుని తమ ఆఫీసుకు వచ్చాను. గుమాస్తా గారు కళ్ళజోడు పైకి తోసి, "ప్రశంస వెనక్కి తీసుకునే పద్ధతి మా దగ్గర లేదు మాస్టారూ. ఇచ్చిందంటే ఇచ్చిందే" అన్నారు. మరి ఏ దారీ లేదా అంటే, "తర్వాత మీమీద ఏదైనా అభియోగం వస్తే అప్పుడు దానంతటదే రద్దవుతుంది. మీకెందుకొస్తుంది లెండి, మీరు మంచివారు" అని నవ్వారు.

9. కావున నాపై అభియోగమునకు తగిన ఆధారమును నేనే సమర్పించుకొంటున్నాను. మొన్నటి వార్షిక మార్కుల్లో భాగహారం రాని ఎనిమిదో తరగతి పిల్లలకు నేను పాస్ మార్కులు వేయలేదు. వాళ్ళకు వచ్చినన్నే వేశాను. హెడ్మాస్టరు గారు "కలపండి" అన్నారు, కలపలేదు. ఇది పైన ఉదహరించిన ఉత్తర్వుకు పూర్తిగా విరుద్ధం. నేను తెలిసే చేశాను, వచ్చే ఏడాదీ చేస్తాను. అలా తప్పిన ఒకమ్మాయి సెలవుల్లో నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను. "అందరూ పాస్ చేసేశారు సార్. నాకేం రాదో మీకొక్కరికే తెలుసు కదా, అందుకని వచ్చా" అంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే వస్తోంది, రెండంకెల భాగహారం దాకా వచ్చాం. ఇది కూడా అనుమతి లేకుండా జరుగుతున్నదే, దీన్నీ అభియోగంలో కలుపుకోవచ్చు.

పై కారణముల వలన తమరు దయతో సదరు ప్రశంసాపత్రమును రద్దు చేయవలెననియు, రద్దు చేసిన సంగతిని కూడా అదే మైకులో, అదే గొంతుతో చదివించవలెననియు, అది కుదరనిచో నన్ను విచారణకు పిలిపించవలెననియు వేడుకొంటున్నాను. మార్కుల విషయంలో గానీ సమ్మె విషయంలో గానీ నా అభిప్రాయం మారిందని ఎక్కడా వ్రాయవద్దని మనవి. అది మారలేదు.

ఓపికగా ఇంతదూరం చదివిన తమరు నా మొరను చిత్తగించవలెను.

ఇట్లు,
ఉత్తర్వు మీరినప్పటికీ తమ విధేయుడైన
లెక్కల మాస్టారు

తా.క.: పైన వ్రాయనిది ఒకటుంది. ఏ ఉపాధ్యాయుణ్ణి విచారణకు పిలిచినా, అతను సభ్యుడు కాకపోయినా సరే, కార్యదర్శే వెళ్ళి పక్కన కూర్చుని అతని తరఫున వాదించాలని యూనియన్‌లో కట్టుబాటు. తప్పు చేసినవాణ్ణి వెనకేసుకొచ్చే ఆ కట్టుబాటును నేను ఏనాడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కానీ మా బావమరిది దాన్ని తప్పే మనిషి కాదు. తమ విచారణ గదిలో అభియోగం ఉన్నవారికీ, వారి తరఫువారికీ కలిపి ఒకటే బెంచీ వేసి ఉండటం చూశాను. వాదన ఎలా నడపాలో ఇద్దరం ముందుగా కూర్చుని మాట్లాడుకోవలసి కూడా వస్తుంది, అది ఎవరూ కాదనలేరు. అందుచేత విచారణను ఒక్క పూటలో ముగించవద్దు. వీలైనన్ని వాయిదాలు వేయండి. నేను మొదటి రోజే తప్పు ఒప్పుకున్నా వెంటనే నమ్మకండి, కాస్త సాగనివ్వండి.