పడవల చెరువులో మూట

ఏమండీ,

మీరు వెళ్ళిపోయి ఏడు నెలలైంది. ఎలా ఉన్నారని అడగడానికి ఈరోజు నోరు రావడం లేదు... నేను చూసింది మీరు చూడలేదు కదా? చూడకపోతేనే మంచిది.

పొద్దున పార్కు చెరువుకి వెళ్ళాను. ప్రతి ఆదివారం మీరు బొమ్మ తెరచాప పడవ వదిలే చెరువే. మీ పడవల క్లబ్బు పెద్దాయన కెన్ ఫోన్ చేసి, మీ పేరున పందెం పెడుతున్నామని, మీ పడవ తీసుకురమ్మని అడిగాడు. డిక్కీలో దుప్పటి పరిచి, తెరచాప నలగకుండా పెట్టుకుని వెళ్ళాను. నాకు నడపడం రాదుగా, రిమోట్ తను పట్టుకుంటానన్నాడు.

కారు దిగగానే కంపు. గట్టు పొడుగునా నాచు, అందులో కుళ్ళిన బంతిపూలు, కొబ్బరిచిప్పలు, ఉబ్బిపోయిన అన్నం. ఎవరి పడవకో పూలదండ దారం చుట్టుకుని పక్కకి ఒరిగిపోయింది. మనవాళ్ళే... ఇంకెవరు? ఈ దేశం వచ్చినా నీళ్ళు కనిపిస్తే చాలు, గిరాటేసి చేతులు దులుపుకుంటారు.

"ఇది గోదావరి కాదు బాబూ, ఈ నీళ్ళకి బయటికి పోయే దారి లేదు. వేసింది వేసినచోటే కుళ్ళుతుంది" అని మీరు ఎంతమందికి చెప్పారు! ఎవరూ వినకపోతే వల తీసుకుని మీరే ఎత్తేవారు. నాకు ఒళ్ళు మండేది.

రెల్లులో ఒక గుడ్డ మూట చిక్కుకుని ఉంది. నీలం అంచు. నా పాత వెంకటగిరి చీర ముక్క... నేనే చింపి, నేనే ముడి వేశాను. పోయిన వారం మీ మాసికం పిండాలు.

మనకి పిల్లలు లేరని మీ తమ్ముడే కదా మాసికాలు పెడుతున్నాడు. ప్రతి నెలా మూట తీసుకెళ్ళి సముద్రంలో కలిపి వస్తున్నానని చెప్పేవాడు. అంత దూరం వెళ్తున్నాడని జాలిపడి ఫ్లాస్కులో కాఫీ కూడా పోసిచ్చాను. ఆ కాఫీ ఎక్కడ కూర్చుని తాగాడో?

పందెం ఆపేశారు. అక్కడున్న మనవాళ్ళలో నేనొక్కదాన్నే, అయినా ఎవరూ నా వంక చూడలేదు, మర్యాదకి. ఆ మర్యాదకి ఇంకా రోత పుట్టింది. నేను ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? కానీ అది మీ పేరు పెట్టిన పందెం... కెన్ దగ్గరికి వెళ్ళి, ఆ మూట మా ఇంటిదేనని చెప్పేశాను. ఆయన వల తెచ్చి నా చేతికిచ్చాడు. మూడు సంచులు నిండాయి. ఎన్నిసార్లు కడిగినా చేతుల వాసన పోవడం లేదు.

ఇంటికొచ్చి మీ తమ్ముడికి ఫోన్ చేశాను. నీళ్ళు నీళ్ళే కదా వదినా, ఎక్కడైతే ఏమిటన్నాడు. సిగ్గు లేదా అని అడిగాను. ఇన్ని మాటలు పడి మాసికాలు పెట్టాల్సిన ఖర్మ తనకి లేదని ఫోన్ పెట్టేశాడు.

ఇంకా అయిదు మాసికాలున్నాయి. ఆడవాళ్ళు పెట్టకూడదంటారు. పంతులుగారిని అడిగితే ఆయనా అదే అంటారు. అందుకే అడగను.

మీ పేరూ గోత్రమూ నాకూ తెలుసు. వచ్చే నెల మన పెరట్లోనే, నా చేత్తోనే మీకు ముద్ద పెడతాను. వచ్చి తినండి.

మీ
లలిత