నీళ్లు నిలవని బూట్లు

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. టీకాల పెట్టె భుజాన వేసుకుని నువ్వు నడిచిన కొండదారి ఇప్పుడు నా డ్యూటీ. రోజంతా నడక. అందుకే అరకులో బూట్లు కొనడానికి వెళ్లాను.

కొట్టాయన బరువైన తోలు బూట్లు తీసి, "ఇయ్యి గట్టిగుంటాయమ్మా" అన్నాడు. వాగు పొంగినరోజు అలాంటివే నీళ్లు నిండి నిన్ను కిందికి లాగేశాయి. నేను తేలికైన గుడ్డ బూట్లు కొని, అక్కడే ఒకదానిలో సీసాడు నీళ్లు పోశాను.

"ఏటమ్మా, ఏటి సేత్తన్నావు?"

"ఎంత బేగి కారిపోతాయో సూత్తన్నాను."

నిమిషంలో కారిపోయాయి.

రేపు ఆ వాగు దాటాలి. అమ్మకు మాత్రం నాది ఆఫీసులో పనేనని చెప్పాను. చాలా రోజుల తర్వాత ఇవాళ మారు అన్నం పెట్టుకుని తింది.