డిస్కు లేని ముప్పై కంప్యూటర్లు

అమ్మా, నేను కులాసా. నా ఉద్యోగం గురించి ఇక బెంగపడకు.

ఇక్కడి లైబ్రరీలో ముప్పై కంప్యూటర్లున్నాయి. ఒక్కదానికీ సొంత డిస్కు లేదు, పక్కగదిలోని పెద్ద మిషనే తీగల మీదుగా అన్నిటికీ ప్రాణం పోయాలి. కీబోర్డుకొకటి, మౌసుకొకటి అంటూ ఒక్కో పరికరానికి ఒక్కో ఫైలు అందులో నేనే పెట్టాను. వారమైనా ఒక్క తెరమీదా అక్షరం పడలేదు. నిన్న మా ఇంజనీరమ్మగారు వచ్చి చూశారు.

"తెరమీదకి అక్షరాలు పంపే కన్సోలు ఫైలు ఏదమ్మాయ్? పాపం, వాటికి నోరే పెట్టలేదు నువ్వు!"

ఆ ఒక్కటీ చేర్చాను. ముప్పై తెరలూ ఒక్కసారే పలికాయమ్మా! నా ఒళ్లు గగుర్పొడిచింది.

"ఇరవై ఏళ్లుగా చూస్తున్నా, నాకూ ఇంతే," అన్నారావిడ కళ్లు తుడుచుకుంటూ. ఉద్యోగం ఖాయం చేశారు.

నాన్న కంట్లో మందు మానకుండా వేస్తున్నావా? అత్తయ్యకు నమస్కారాలు. చెల్లికి నా దీవెనలు చెప్పి, పెట్టె సర్దుకోమను. దాన్ని ఇక్కడ నేను చదివిస్తాను.

నీ పెద్దమ్మాయి