అవ్వ బొగ్గుల పొయ్యి

ఫ్లాట్ల కమిటీ అధ్యక్షులు జగదీశ్వర్ గారికి నమస్కారం.

సోమవారం మన పాత క్వార్టర్లు కూలుస్తున్నారు కాబట్టి ఈ ఉత్తరం ఇప్పుడే రాయవలసి వస్తోంది.

కొత్త ఫ్లాట్లలో నీళ్లు వస్తున్నాయి, ఇల్లు కురవడం లేదు. వరండాలో బొగ్గుల పొయ్యి వద్దని మీరు చెప్పింది న్యాయమే. కానీ మా అవ్వ మల్లక్క రోజూ పొద్దున్నే ఖాళీ అయిన ఆ పాత క్వార్టర్ల లైనుకు వెళ్లి, మా పాత గడప ముందు పొయ్యి అంటించుకుని కూర్చుంటోంది.

"ఇంట్ల గ్యాసుంది గద అవ్వా" అన్నాను.

"పొగ లేస్తెనే గద బిడ్డా, పక్కింటోళ్లు ముచ్చటకు బయటికొచ్చేది" అంది.

అక్కడ పక్కిళ్లలో ఎవరూ లేరు.

మన ఫ్లాట్ల వెనుక గోడ దగ్గర ఒక్క పొయ్యికి చోటివ్వండి. సోమవారం కూడా అవ్వ బొగ్గులు పట్టుకుని బయలుదేరుతుంది. దయచేసి ఆదివారం సాయంత్రంలోగా జవాబు చెప్పండి.

ఇట్లు,
మూడో అంతస్తు మల్లక్క మనుమరాలు