అమ్మ బేస్ గిటారు మూత తీశాక

ఆదివారం, జూన్ పదహారు
మధ్యాహ్నం మూడు గంటలు

పిచ్చుకకి,

నాన్న ఆశీస్సులు. నేను కులాసాగానే ఉన్నాను. మోకాలు తప్ప మిగతా సామానంతా పనిచేస్తోంది. నువ్వూ, మీ బ్యాండులో వాళ్ళూ క్షేమమని తలుస్తాను.

నువ్వు నా దగ్గర వదిలివెళ్ళిన అమ్మ బేస్ గిటారు పని పూర్తయింది. స్టీరియో చేయడానికి నెల రోజులా అని ఫోనులో రెండుసార్లు దెప్పావు. నిజానికి అది రెండు గంటల పని. మిగతా రోజులన్నీ దాని పెట్టెకి ఎదురుగా కూర్చున్నాను. అమ్మ పోయి ఎనిమిది నెలలైంది కదా, తెరిస్తే ఆవిడ చేతులకి రాసుకునే క్రీము వాసన వస్తుందేమోనని భయం. వచ్చింది కూడా.

ముందు పని సంగతి విను. తీగల కింద వాటి కదలికని పట్టి కరెంటుగా మార్చే పికప్‌లు రెండున్నాయి, మెడ వైపు ఒకటి, తీగలు ఆనే బ్రిడ్జి వైపు ఒకటి. ఇన్నాళ్ళూ రెండింటి శబ్దం లోపలే కలిసి ఒకే దారిన బయటికొచ్చేది. ఇప్పుడు విడగొట్టాను. ప్లగ్గు గుచ్చే పాత జాక్ పీకేసి, మూడు కాంటాక్టులది పెట్టాను. లావు శబ్దం ఒక యాంప్లిఫయర్‌కి, పదును శబ్దం ఇంకోదానికి పోతాయి. పెట్టెలో ఉంచిన కొత్త కేబులే వాడు, దానికి ఒక కొసన ఒక ప్లగ్గు, రెండో కొసన రెండు ఉంటాయి. నీ దగ్గరున్న మామూలు కేబుల్ గుచ్చావంటే ఒక పికప్ మూగబోతుంది. అప్పుడు నాన్న పని తగలేశాడని ఊరంతా టాంటాం వేయకు.

ఇక అసలు సంగతి. పాత కనెక్షన్లు విప్పేముందు మీటరు పెట్టి చూడటం నా అలవాటు. స్క్రూడ్రైవర్‌తో మొదటి పికప్‌ని తాకితే ముల్లు కుడికి ఊగింది. రెండోదాన్ని తాకితే ఎడమకి ఊగింది. రెండుసార్లూ ఒకే వైపు ఊగాలి తల్లీ. ఊగలేదంటే రెండోదాని వైర్లు తారుమారుగా అతికించారన్నమాట. ఒకటి నెడుతుంటే ఇంకోటి లాగుతుంది. రెండూ కలిపి వాయిస్తే లావు శబ్దమంతా ఒకదాన్నొకటి మింగేసుకుని, జలుబు చేసినవాడు ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. నువ్వు ఒకసారి మీటి, ఏంటి నాన్నా ఇంత డొల్లగా ఉంది, స్టీరియో చేస్తే బాగుపడుతుందేమో అన్నావే, అదీ కారణం.

ఆ రెండో పికప్ పెట్టింది నేనే. పెళ్ళయిన ఐదో ఏడు, అమ్మకి కానుకగా. పాత రేడియోలకి ప్రాణం పోసేవాడికి గిటారు ఒక లెక్కా అని గొప్పలు పోయాను.

నీకప్పుడు మూడేళ్ళు. అంతకుముందు ఆవిడ వాయిస్తే కిటికీ అద్దాలు అదిరేవి. ఆ తర్వాత ఆవిడ వాయించే హోటల్ బ్యాండులో అందరూ ఆవిడ చేతిలో బరువు తగ్గిందన్నారు. పిల్ల పుట్టాక ఆడవాళ్ళ వేళ్ళు ఇంతేనని డ్రమ్స్ వాయించే పెద్దమనిషి తేల్చేశాడట. ఒకరోజు అమ్మ నాతో, ఏవండీ, రెండో పికప్‌ని తగ్గిస్తే శబ్దం నిండుగా వస్తోందండీ అంది. రెండు పికప్‌లంటే అలాగే ఉంటుంది, ఇంకాస్త గట్టిగా వాయించు అన్నాను. నేను ముచ్చటపడి పెట్టినదాన్ని ఆపేస్తే నా మనసు చిన్నబోతుందని ఆవిడ మళ్ళీ ఎప్పుడూ తగ్గించలేదు. వేళ్ళు బొబ్బలెక్కేదాకా సాధన చేసింది. అవి పగిలితే ప్లాస్టరు చుట్టుకుని చేసింది.

ఆ ఏడే, ఓడల్లో ప్రయాణికుల కోసం వాయించే పెద్ద బ్యాండుకి మనుషుల్ని ఎంపిక చేశారు. అమ్మకి అదే కల. రెండో పాట సగంలోనే చాలన్నారట. ఇంటికొచ్చి గిటారుని పెట్టెలో పెట్టి, నా వేళ్ళు పనికిరావండీ అంది. ఏడవలేదు. ఆ తర్వాత ఏడాదికోసారి తీసి తుడవడమే గాని వాయించింది లేదు. ఇరవై నాలుగేళ్ళు దర్జీ షాపులో కాజాలు కుట్టింది.

గిటారు అప్పజెప్పిన రోజు నువ్వు అన్నం తింటూ, అమ్మకి ఇష్టమే గానీ చేవ లేదు నాన్నా అన్నావు. అమ్మకి చేవ ఉంది. తప్పు నా చేతిపనిలో ఉంది. అది నీకు తెలియాలనే ఈ ఉత్తరం.

స్టీరియో చేశాక ఈ తప్పు ఎవరికీ దొరకదు. రెండు శబ్దాలూ వేర్వేరు దారుల్లో పోతాయి, ఒకదాన్నొకటి మింగవు. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ జాక్ మార్చేముందే ఆ వైర్లు సరిచేసి, రెండూ కలిపి ఒక్కసారి మీటి చూశాను. నాకు వాయించడం రాదు, ఊరికే లావు తీగని లాగి వదిలాను. బల్ల మీద గ్లాసు కదిలింది. ఆ పూట ఇంకేమీ చేయలేకపోయాను.

తెలియక చేసిన తప్పు, క్షమిస్తావనుకుంటాను. వచ్చే నెల మీ ప్రోగ్రాముకి రమ్మన్నావు. ఇది చదివాక కూడా రమ్మంటావో లేదో ఒక ముక్క రాయి. నాకు మిగిలింది నువ్వొక్కదానివే.

ఇట్లు,
నాన్న

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. తెలియక అని రాశాను, అది అబద్ధం. ఓడ బ్యాండు ఎంపికకి మూడు రోజుల ముందు అమ్మ నిన్ను తీసుకుని బజారుకి వెళ్ళింది. రెండోది తగ్గిస్తే నిండుగా వస్తోందని ఆవిడ అన్న మాట బుర్ర తొలిచేస్తుంటే గిటారు మూత తీసి, మీటరు పెట్టి చూశాను. ముల్లు ఆ రోజే ఎడమకి ఊగింది. వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కి చేతిలోనే ఉంది. రెండు వైర్లు అటూ ఇటూ మార్చడమే పని. కానీ ఓడెక్కితే ఎనిమిది నెలలదాకా రాదు. ఆవిడ లేని ఇంట్లో నేను ఉండలేననుకున్నాను. మూత బిగించేశాను. అంతలో మీరిద్దరూ వచ్చేశారు. గిటారుతో ఏం చేస్తున్నారండీ అని అడిగింది. నీకోసం దుమ్ము తుడుస్తున్నానన్నాను. మురిసిపోయి, ఆ సాయంత్రం నాకు రెండుసార్లు టీ పెట్టి ఇచ్చింది.