నాలుగో బేరింగు

ప్రియమైన బావకి,

మొన్న నిన్ను చూడటానికి జైలుకి వచ్చినప్పుడు జాలీకి ఇవతల నేనూ అవతల నువ్వూ ఒకరిమీద ఒకరం అరుచుకోవడంతోనే టైము కాస్తా అయిపోయింది. చెప్పాల్సిన సంగతి చెప్పనేలేదు. మన లారీ ఇంజను నేనే విప్పుతున్నాను. నవ్వకు.

నువ్వు పొడుగాడిని కొట్టినప్పటి నుంచి మెకానిక్కుల వీధిలో ఒక్కడు కూడా మన బండి మీద చెయ్యి వెయ్యడం లేదు. పెద్ద షెడ్డు మేస్త్రీ అయితే నా మొహం కూడా చూడకుండా చేతులు తుడుచుకుంటూ, "చూడమ్మా, మీ ఆయన ఒక డ్రైవరు కన్ను తీసేశాడు. వాడి తమ్ముడు ఇనప రాడ్డు పట్టుకుని తిరుగుతున్నాడు. మీ ఇంజను నేను బాగుచేస్తే రేపు నా కన్నుకి కాపలా ఎవరుంటారు?" అన్నాడు. ఆ మర్నాడే ఎవరో మన బండి ముందు అద్దం బద్దలుకొట్టి, సీటు నిలువునా కోసిపోయారు.

పట్టేసిన ఇంజనుతో బండి మూలన పడుంటే నేనేం తినాలి, నువ్వొచ్చాక ఏం నడపాలి? పదకొండేళ్లు నీ పక్కన కూర్చుని సామాన్లు అందించాను. ఆమాత్రం చెయ్యలేనా? చైన్ పుల్లీ తెప్పించి మన షెడ్డు దూలానికి కట్టి, మీ అక్కా నేనూ కలిసి ఇంజను పైకి లేపాం. గొలుసు లాగినంతసేపూ మీ అక్క నిన్ను తిడుతూనే ఉంది. తిట్టు ఆగితే ఇంజను కూడా ఆగిపోతుందేమో అన్నట్టు లాగింది.

ఏది ముందు విప్పాలో, ఏది తర్వాతో వివరంగా రాయి. పళ్ల నొప్పి తగ్గిందా?

నీ చిట్టి

చిట్టీ,

నవ్వకు అన్నావు గానీ గట్టిగానే నవ్వాను. పక్కవాడు ఏంటన్నాడు. మా ఆవిడ ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను విప్పుతోందంటే వాడూ నవ్వాడు. వాడు నవ్వితే నాకు నచ్చలేదు. ఇప్పుడు వాడికీ పళ్ల నొప్పే.

విను. ముందు ఆయిల్ దింపు. చుక్క కూడా పారబొయ్యకు. తెల్లగుడ్డలో వడగట్టు, అడుగున ఇసుక ఉంటుంది. దాన్ని సీసాలో పోసి మూత బిగించి లాయరుకి ఇయ్యి. పొడుగాడు ఇంజనులో ఇసుక పోశాడని చూపిస్తే, కడుపు మండి కొట్టానంటే, అప్పీల్లో శిక్ష సగానికి సగం తగ్గుతుందని లాయరే అన్నాడు. వచ్చే నెలే విచారణ.

సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు బోల్టులు చివర్ల నుంచి మధ్యకి కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. ఒకేసారి విప్పితే హెడ్డు వంగిపోతుంది. పిస్టన్లు పైనుంచి తియ్యాలి. క్రాంకు ఇరుసుని మోసే మెయిన్ బేరింగుల క్యాపుల మీద నంబర్లుంటాయి, ఒకదాని చోట ఇంకోటి పెట్టావంటే ఇంత పనీ గంగలో కలిసినట్టే.

బేరింగులు మార్చి బండి బయటికి తీసిన రెండో రోజే, సరుకు దించే యార్డులో ఇంజను పట్టేసింది. కాగితాలు రాయించుకుని బయటికి వస్తే పొడుగాడు మన బానెట్టు ఎత్తి అందులో తలదూర్చి ఉన్నాడు. నా కళ్లతో చూశాను. జాకీ రాడ్డుతో మూడే మూడు దెబ్బలు వేశాను. మళ్లీ వెయ్యమన్నా వేస్తాను. ఈసారి లెక్కపెట్టను కూడా.

నీ బావ

ప్రియమైన బావకి,

ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే తిట్టుకోకు. కుడివైపు రెండు పక్కటెముకలు కదిలాయి.

మొన్న మధ్యాహ్నం పిస్టన్లు కడిగి బల్లమీద వరసగా పేర్చుతుంటే పొడుగాడి తమ్ముడు వచ్చాడు. వస్తూనే రాడ్డుతో బల్లమీద కొట్టాడు. రెండో పిస్టన్ పగిలి ముక్క నా చెంపకి కొట్టుకుంది. రెండోసారి ఎత్తేసరికి నా చేతిలో బోల్టులు విప్పే పొడుగు కడ్డీ ఉంది. వాడి మణికట్టు మీద కొట్టాను. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. వాడు రెండో చేత్తో నా మెడ పట్టుకుని గోడకేసి గుద్దాడు. ఊపిరి అందలేదు.

అంతలో మీ అక్క డీజిల్ డబ్బా ఎత్తి వాడి నెత్తిమీద బోర్లించి అగ్గిపెట్టె తీసింది. "మీ అన్నకి కన్నే పోయింది. నీకు ఒంటిమీద తోలు కూడా మిగలదు. గీయనా?" అంది. వాడు నన్ను వదిలేసి, చెయ్యి పొట్టకి అదుముకుని, కళ్లలో డీజిల్ మండుతుంటే తలుపు వెతుక్కుంటూ పోయాడు.

నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? ఆ ఎముక విరిగిన చప్పుడు వినగానే నాకు ఎంత హాయిగా ఉందో! ఇంకోటి విరగ్గొట్టాలనిపించింది. వాడు వెళ్లాక బకెట్లో వాంతి చేసుకున్నాను.

ఇక ఆయిల్ సంగతి. మూడు మడతల గుడ్డలో వడగట్టాను. రాగిరంగు పొడి మెరుస్తూ మిగిలింది. వేళ్లతో నలిపాను, కాస్త నాలుక మీద కూడా వేసుకుని చూశాను. పంటికింద గరగరమనలేదు. ఇసుక లేదు బావా.

నీ చిట్టి

చిట్టీ,

ఈ ఉత్తరం ఇవాళ విడుదలై వెళ్తున్నవాడి చేతికిస్తున్నాను, ఇక్కడెవరూ చదవరు. చదివి పొయ్యిలో పెట్టెయ్.

ఇసుక లేకపోవడమేంటి? నువ్వు సరిగ్గా చూడలేదు. మళ్లీ చూడు. అప్పటికీ కనిపించకపోతే కనిపించేలా చెయ్యి. మన గుమ్మం ముందు పిడికెడు ఇసుక దొరకదా? ఆయిల్లో కలిపి సీసా లాయరుకి ఇయ్యి. పొయ్యకపోతే పొడుగాడు అక్కడ ఏం చేస్తున్నట్టు? వాడు చేసిన పనికే మనం ఆధారం చూపిస్తున్నాం, అబద్ధమేం కాదు.

ఆ తమ్ముడి సంగతి నేనొచ్చాక చూసుకుంటాను. రెండో చెయ్యి నాకు వదిలెయ్.

విచారణ పద్దెనిమిది రోజుల్లో. నన్ను ఇక్కడ కుళ్లబెట్టాలనుంటే నీ ఇష్టం. చెప్పిన మాట వినకపోవడం నీకు అలవాటే. విననివాళ్లకి వినేలా చెప్పడం నాకూ అలవాటే.

నీ బావ

ప్రియమైన బావకి,

ఇసుక కలపలేదు. కలపను. ఎందుకో చెప్తాను, మధ్యలో ఆపకుండా చదువు.

క్రాంకు బయటికి తీశాను. నాలుగో మెయిన్ బేరింగు దగ్గర ఇనుము నల్లబడి, నీలంగా కాలిపోయి ఉంది. ఒక్కో బేరింగు రెండు సగాలు కదా. పై సగానికి చిల్లు ఉంటుంది, ఆయిల్ ఆ చిల్లులోంచే దిగాలి. ఏడింటిలో ఆరింటికి చిల్లు పైనే ఉంది. నాలుగోదానికి మాత్రం కింద ఉంది. చిల్లు లేని సగం పైకెక్కి ఆయిల్ దారి మూసేసింది. ఆయిల్ అందక అక్కడే కాలి పట్టేసింది. గుడ్డలో మిగిలిన రాగిరంగు పొడి దానిదే. ఎవరూ ఏమీ పొయ్యలేదు. ఆ బేరింగు వేసింది నువ్వు. అందించింది నేను.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. నువ్వు బండి కింద పడుకుని చెయ్యి చాపుతున్నావు. మూడోది అయ్యాక నువ్వు పందొమ్మిదో నంబరు పానా అడిగితే నేను పదిహేడు ఇచ్చాను. నువ్వు కిందనుంచే విసిరికొట్టావు. అది నా కనుబొమ్మకి తగిలింది. నెత్తురు కంట్లోకి దిగి ఏమీ కనపడలేదు. "ఏడుపు ఆపి తర్వాతది ఇయ్యి" అన్నావు. చేతికి ఏది తగిలితే అది ఇచ్చాను. నువ్వూ చూడకుండానే ఎక్కించేశావు.

కాలిన ఆ రెండు సగాలూ గుడ్డలో చుట్టుకుని పొడుగాడి ఇంటికి వెళ్లాను. అతని భార్య తలుపుకి అడ్డంగా నిలబడింది. లోపల్నుంచి అతనే "రానీ" అన్నాడు. కిటికీ పక్కన మంచం. మోకాలికి రాడ్లు వేశారు, కంటిమీద దూది. తమ్ముడు కట్టు కట్టిన చెయ్యితో గోడకి ఆనుకుని నన్నే చూస్తున్నాడు.

"ఇది మా ఇంజను బేరింగు. మేమే తారుమారుగా పెట్టుకున్నాం. నువ్వేం చెయ్యలేదు" అన్నాను.

అతను దాన్ని మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మీ బండి యార్డులోకి వస్తుంటేనే కింద టకటకమంటోంది. మీ ఆయన ఇంజను ఆపకుండా కాగితాలకి లోపలికెళ్లాడు. పాడైపోతుందే, డీజిల్ పంపు దగ్గర ఇంజను ఆపేద్దామని బానెట్టు ఎత్తాను. నా చెయ్యి పడేలోపే పట్టేసింది. మీ ఆయన వస్తుంటే అదే చెబుదామని నోరు తెరిచాను. మొదటి దెబ్బ నోటిమీదే పడింది" అన్నాడు.

అతని భార్య నాతో ఒక్కటే అంది. "నిజం తెచ్చావు, సరే. కన్ను తెచ్చావా?"

బేరింగు అక్కడే వదిలేసి వచ్చాను. కోర్టులో నువ్వు ఇసుక మాట ఎత్తితే వాళ్లు దాన్ని బయటికి తీస్తారు. నేనూ వచ్చి నిలబడి చెప్తాను.

నీ చిట్టి

చిట్టీ,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి రెండు నెలలు పట్టింది.

చదివిన వెంటనే చించేశాను. తర్వాత ఎదురుగా ఎవడు కనిపిస్తే వాడిని కొట్టాను. అతను ముసలాయన, కుట్టుపని చేసేవాడు, నన్నేమీ అనలేదు. నలుగురు నన్ను లాగేసరికి అతని దవడ విరిగిపోయింది. ఒంటరి గదిలో వేసి శిక్ష ఇంకో ఏడాది పెంచారు.

ఆ గదిలో కూర్చుని ఆ రోజంతా మొదటినుంచి గుర్తుచేసుకున్నాను. బేరింగులు గుర్తున్నాయి. మీద కారిన ఆయిల్ గుర్తుంది. పానా అడగడం కూడా గుర్తుంది. విసిరిన సంగతి మాత్రం గుర్తు లేదు. ఎంత తవ్వినా లేదు. నీ కనుబొమ్మ మీద దెబ్బేంటని ఆ రాత్రి నేనే అడిగాను, తలుపు తగిలిందన్నావు. నేను సరే అని అన్నం తిన్నాను. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలియదు. నీకు తెలిసుంటుంది.

అప్పీలు వద్దని లాయరుకి చెప్పాను. పొడుగాడు తప్పేమీ చెయ్యలేదని నా చేత్తో రాసి కోర్టుకి పంపాను. శిక్ష తగ్గలేదు. తగ్గించమని అడగలేదు.

ముసలాయన నాకు ఎదురుపడితే పక్కకి తప్పుకుంటున్నాడు. నేను చెయ్యి ఎత్తకపోయినా తప్పుకుంటున్నాడు.

టైమింగు గేర్ల మీద చుక్కలు ఎదురెదురుగా కలవాలి, చూసుకో. ఒక మాట అడుగుతాను. బయటికొచ్చాక ఇంటికి రావచ్చా?

బావ

ప్రియమైన బావకి,

ఇంజను స్టార్టయింది.

క్రాంకు లేతుషాపులో నున్నగా పట్టించి, దానికి సరిపోయే కొత్త బేరింగులు వేశాను. ఏడింటికీ చిల్లులో పుల్ల దూర్చి చూసి మరీ బిగించాను. పగిలిన పిస్టన్ బదులు ఇంకోటి వెతికి వేశాను. అంతా బిగించాక ఇంజనుని మళ్లీ బండిలోకి దించాం. మీ అక్క బ్యాటరీ దగ్గర, నేను పంపు దగ్గర నిలబడ్డాం. రెండుసార్లు తిరిగి ఆగిపోయింది. మూడోసారి షెడ్డంతా తెల్లపొగ. లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు కాసేపు దడదడలాడి, తర్వాత సర్దుకుంది. ఆయిల్ మీటరు ముల్లు లేచి నిలబడింది. మీ అక్క పొగలో దగ్గుతూ నన్ను పట్టుకుని ఏడ్చింది.

పావుగంట అయ్యాక పొడుగాడి తమ్ముడు గుమ్మంలో కనిపించాడు. నేను కడ్డీ అందుకున్నాను. వాడు గడప దాటలేదు. "మీ ఇంజను మా ఇంటిదాకా వినిపిస్తోంది. అన్న కిటికీ మూసెయ్యమన్నాడు" అని చెప్పి వెళ్లిపోయాడు. ఇంజను ఆపేశాను. మర్నాడు బండిని ఊరి బయటికి ఈడ్పించుకెళ్లి అక్కడ నడిపి చూసుకున్నాను. ఇప్పుడు లోడుకి వెళ్తున్నాను. నేనే నడుపుతున్నాను. వాళ్ల వీధిలోంచి మాత్రం వెళ్లను, రెండు మైళ్లు చుట్టయినా సరే.

నువ్వు అడిగినదానికి జవాబు. రావద్దు.

ఇలాంటివి ఎన్ని ఉన్నాయని రాశావు. నాకు అన్నీ తెలుసు, ఏవీ రాయను. రాస్తే నువ్వు తిరిగి వాటి గురించే ఉత్తరాలు రాస్తావు, నేను నిన్ను ఓదార్చాలి. పదకొండేళ్లు ఓదార్చాను. ఆ తమ్ముడి చెయ్యి విరిచినప్పుడు నాకు కలిగిన హాయి ఉందే, అదేంటో నీకు బాగా తెలుసు. నాకు అది మళ్లీ అక్కర్లేదు. నీ పక్కన ఉంటే మళ్లీ కావాలనిపిస్తుందేమోనని భయం.

తలుపు చప్పుడైతే ఈ మధ్య నేను ఉలిక్కిపడటం లేదు. అది నాకే మొన్న తెలిసింది. తలుపు కొట్టింది మీ అక్క, నేను చేస్తున్న పని ఆపకుండా "రా వదినా" అన్నాను.

మీ అక్క తన ఇంట్లో నీకు గది ఇస్తానంది. నీకు చేతిలో పనుంది, ఎక్కడైనా బతుకుతావు. నన్ను చూడాలనిపిస్తే యార్డుకి రా. పగటిపూట రా, అందరిముందు రా. నేను బండి మీద ఉంటాను, నువ్వు కింద నిలబడి మాట్లాడు. ఎంతసేపు మాట్లాడాలో నేను చూసుకుంటాను.

సరుకు ఎక్కించడం అయిపోయింది, పిలుస్తున్నారు.

చిట్టి